కొత్త బైకు కొంటున్నారా? అది ఎలా ఆగుతుందో ముందు చూడండి

షోరూములో అడుగుపెట్టగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘లీటరుకు ఎంత ఇస్తుంది?’. రెండోది రంగు, మూడోది నెలవాయిదా. బ్రేకుల గురించి అడిగేవారు అరుదు. బండి కొనేటప్పుడు బంధువులు, స్నేహితులు నన్ను తోడు తీసుకెళ్తుంటారు. వాళ్లందరికీ నేను చెప్పే మాట ఒక్కటే: ఎంత దూరం పోతుందో తర్వాత చూద్దాం, గేదె అడ్డం వస్తే ఎంతలో ఆగుతుందో ముందు చూద్దాం.

ఈ పట్టుదలకు కారణం ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు. కాబట్టి బండి కొనడం అనే పనిని, దాన్ని క్షేమంగా నడపడం అనే పనిని నేను విడదీసి చూడలేను. రెండూ కలిపి, మొదటి నుంచి చెబుతాను.

1. షోరూముకు వెళ్లేముందు మీ దారిని రాసుకోండి

ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో జాతీయ రహదారి మీద ఎంత, వెనక ఎవరు కూర్చుంటారు.

పొలం, పాలకేంద్రం, పిల్లల బడి అంటూ ఊళ్లోనే పది పదిహేను కిలోమీటర్లు తిరిగేవారికి 100, 110 సీసీ బండి నిండుగా సరిపోతుంది. హీరో స్ప్లెండర్ ప్లస్, హోండా షైన్ 100, బజాజ్ ప్లాటినా వంటివి ఇలాంటి వాడకానికే తయారయ్యాయి. సూర్యాపేట నుంచి నకిరేకల్‌కో, ఏలూరు నుంచి విజయవాడకో రోజూ రహదారి ఎక్కి ఉద్యోగానికి వెళ్లేవారి సంగతి వేరు. పెద్ద ఇంజిన్ అంటే ప్రమాదం అనే భయం మన ఇళ్లలో ఉంది. కానీ ఇద్దరిని మోస్తూ, ఎదురుగాలిలో, లారీ పక్కన ముందుకు పోలేక వెనక్కి రాలేక ఆయాసపడే చిన్న బండి కూడా ప్రమాదమే. లారీని దాటడానికి ఎంతసేపు పడితే అంతసేపూ మీరు దాని చక్రాల పక్కనే ఉంటారు. అలాంటివారు 125 నుంచి 160 సీసీ మధ్య చూడటం మంచిది.

2. ఎక్కి కూర్చోండి, దిగి వెనక్కి నెట్టండి

రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించండి. మడమలు గాలిలో లేచిపోతుంటే, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గుంటలో కాలు పడితే బండి ఒరిగిపోతుంది. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, షైన్ 100ది 786. సగటు ఎత్తున్నవారికి ఈ రెండూ ఇబ్బంది పెట్టవు. బరువు చూస్తే స్ప్లెండర్ 112 కిలోలు, షైన్ 100 తొంభై తొమ్మిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 అయితే 181 కిలోలు. హంటర్ మంచి బండే. కానీ ఇరుకు సందులో ఉండేవారు, వాలులో ఉన్న పార్కింగ్ నుంచి రోజూ వెనక్కి లాగాల్సినవారు ఆ డెబ్బై కిలోల తేడాను షోరూములోనే చేతులతో తెలుసుకోవాలి. సెంటర్ స్టాండు ఉంటే ఒకసారి వేసి, దించి చూడండి. ఇంట్లో ఆ బండిని మరొకరు కూడా నడుపుతారంటే వారిని కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

3. బ్రేకుల దగ్గర నిలబడండి

ఇక్కడ తొందరపడవద్దు. ఒకే పేరు, ఒకే రంగు ఉన్న బండి మూడు రకాల బ్రేకులతో ఉండొచ్చు. ముందు చక్రానికి డ్రమ్ (చక్రం మధ్యలో డబ్బాలా మూసి ఉండే బ్రేకు) ఉన్నది ఒకటి, డిస్క్ (చక్రం పక్కన పైకి కనిపించే ఇనుప పళ్లెం) ఉన్నది ఒకటి, డిస్క్‌తో పాటు ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నది మరొకటి. గోడ మీద బోర్డులో రాసిన ‘ప్రారంభ ధర’ సాధారణంగా డ్రమ్ బ్రేకు రకానిదే.

గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు చక్రం పూర్తిగా బిగుసుకుపోతే టైరు దొర్లడం మానేసి జారుతుంది. వెనక చక్రం జారితే బండి పక్కకు ఊగుతుంది, కొంత సర్దుకోవచ్చు. ముందు చక్రం జారిందంటే మాత్రం కన్ను మూసి తెరిచేలోగా నేల మీద ఉంటాం. ఏబీఎస్ చేసే పని ఇక్కడే. చక్రం బిగుసుకోబోతున్నదని సెన్సర్ పసిగట్టగానే బ్రేకును వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదులుతుంది. ఇది సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. అప్పుడు మీ వేళ్లకు బ్రేకు లీవరులో చిన్న అదురు తెలుస్తుంది. బండి పాడైందనుకుని బ్రేకు వదిలేయవద్దు, అలాగే పట్టి ఉంచండి.

2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125, అంతకు లోపు వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే కాలితో వెనక బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడేలా చేసిన అమరిక. మన దగ్గర చాలామంది కాలి బ్రేకే వాడతారు కాబట్టి ఇది మేలే. కానీ చక్రం బిగుసుకుపోకుండా ఇది ఆపలేదు. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకండి, రెండూ ఒకటే అని ఎవరైనా చెప్పినా నమ్మకండి. అన్ని కొత్త ద్విచక్ర వాహనాలకూ ఏబీఎస్ ఉండాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా విడుదల చేసింది. నిబంధన ఎలా ఉన్నా, మీరు డబ్బు కట్టే బండిలో అది ఉందో లేదో మీ కళ్లతో చూసుకోవాలి. ముందు చక్రం దగ్గర డిస్క్ పక్కనే చిల్లులున్న చిన్న రింగు, దాని దగ్గరికి వచ్చే సన్నని వైరు కనిపిస్తాయి. తాళం తిప్పగానే మీటరులో ‘ఏబీఎస్’ దీపం వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి.

చిన్న బండ్లలో కూడా ఇది దొరుకుతోంది. బజాజ్ ప్లాటినా 110లో 2022లోనే ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న రకం వచ్చింది. 2024 జనవరిలో వచ్చిన హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ పైరకంలో, 2025లో వచ్చిన హోండా సీబీ125 హార్నెట్‌లో ఏబీఎస్ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన సొమ్మును సీటు కవరుకో, స్టిక్కర్లకో పెట్టకుండా ఒక మెట్టు పైరకం బ్రేకు ఉన్న బండికి పెట్టమని నా అభ్యర్థన.

కొత్తవాటిలో మరొకటి చెప్పాలి. 2024 జులైలో వచ్చిన బజాజ్ ఫ్రీడమ్ 125 సీఎన్‌జీతో నడిచే మొదటి మోటార్ సైకిల్. రెండు కిలోల గ్యాసు సిలిండరు సీటు కింద, రెండు లీటర్ల పెట్రోలు ట్యాంకు పైన ఉంటాయి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ పని చేసేవారికి ఖర్చు కలిసివస్తుంది. అయితే మీ దారిలో సీఎన్‌జీ బంకు ఉందో, అక్కడ ఆటోల వరుస ఎంత పొడుగ్గా ఉంటుందో ముందు చూసి రండి. ఇందులో కూడా డ్రమ్, డిస్క్ రకాలు వేరువేరుగా ఉన్నాయి.

4. బండితో పాటే రెండు హెల్మెట్లు

హెల్మెట్ సంగతి ‘తర్వాత చూద్దాం’ అన్నారంటే ఆ తర్వాత రాదు. బండి డబ్బులో భాగంగానే రెండు తీసుకోండి, ఒకటి మీకు, ఒకటి వెనక కూర్చునేవారికి. గడ్డం కూడా కప్పే పూర్తి హెల్మెట్ అయితేనే ముఖానికి రక్షణ.

వెనక వైపు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె, కింద లైసెన్సు నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్లు అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్కన దొంగ స్టిక్కర్లతో అమ్ముతూనే ఉన్నారు. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌కు చెందిన ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొట్టి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది.

కొలత ఇలా చూడాలి. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి. గడ్డం దగ్గర పట్టుకుని కుడికీ ఎడమకూ తిప్పండి. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కూడా కదిలితే సరైన కొలత. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. తర్వాత మెడ దగ్గర నుంచి వేళ్లతో పైకి, ముందుకు నెట్టండి. ఊడి కళ్ల మీదికి వస్తే అది పడినప్పుడు తల మీద ఉండదు. పట్టీకి, గొంతుకు మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకుమించి కాదు. కొత్తలో బుగ్గలు నొక్కినట్టు ఉండటం సహజం, లోపలి మెత్త వాడే కొద్దీ సర్దుకుంటుంది. ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. లోపలి థర్మోకోల్ పొర ఒక్కసారే నలిగి తలను కాస్తుంది, రెండోసారి పనికిరాదు.

హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు అని 2019 సవరణ చట్టం చెబుతోంది. మోచేతికి తగిలించుకుని, పోలీసు కనిపించగానే తలకు పెట్టుకునేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ప్రమాదం ముందుగా కనిపించి రాదు కదా.

5. బండి చేతికొచ్చిన రోజు

పూజ అయ్యాక, నిమ్మకాయలు తొక్కించాక ఒక పది నిమిషాలు కేటాయించండి. రెండు అద్దాల్లోనూ మీ భుజాలు కాకుండా వెనక రోడ్డు కనిపించేలా తిప్పుకోండి. అద్దాలు తీసి ఇంట్లో దాచేవారున్నారు, ఆ పని చేయకండి. క్లచ్, బ్రేకు లీవర్లు మీ వేళ్లకు అందుతున్నాయో చూసుకోండి. చీర గార్డు, వెనక కూర్చునేవారు పట్టుకునే హ్యాండిలు పెట్టారో చూడండి. అందం కోసం చీర గార్డు పీకించకండి. వెనక చక్రంలో చున్నీ, చీర కొంగు చుట్టుకుంటే గొంతుకు ఉరి పడినట్టే లాగేస్తుంది. ఎక్కేముందు కొంగు నడుముకు దోపుకోవాలి, చున్నీ రెండు కొసలూ ముడివేసుకోవాలి.

కొత్త టైర్ల పైపొర నున్నగా ఉంటుంది. మొదటి నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో బండిని వాల్చకండి, హఠాత్తుగా బ్రేకు వేయకండి. మొదటి సర్వీసు వరకు బుక్‌లెట్‌లో రాసిన వేగం దాటకండి.

6. ఆదివారం ఉదయం, ఖాళీ రోడ్డు, రెండు ఇటుకలు

ఈ అంకాన్ని దాటేయకండి. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి చేయండి. మనకు గేర్లు వేయడం, ఎనిమిది అంకె తిప్పడం నేర్పుతారు. గట్టిగా ఆపడం ఎవరూ నేర్పరు.

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చి కొత్త బండి కొన్నప్పుడు, ఊరి చివర వేసిన లేఅవుట్‌లో ఇంకా ఇళ్లు లేవలేదు, తారు రోడ్డు మాత్రం చక్కగా ఉంది, అక్కడికి తీసుకెళ్లాను. రోడ్డు అంచున ఒక ఇటుక పెట్టి, ‘నలభై వేగంతో వచ్చి, ఇటుక దాటగానే నీకు అలవాటైన పద్ధతిలో ఆపమ్మా’ అన్నాను. కాలి బ్రేకు ఒక్కటే తొక్కింది. వెనక టైరు కీచుమంది, బండి తోక కాస్త ఎడమకు తిరిగింది, రోడ్డు మీద నల్లటి చార పడింది. ఆగినచోట రెండో ఇటుక పెట్టి అంగలు కొలిచాం. ఇరవై మూడు.

తర్వాత రెండు బ్రేకులూ కలిపి వేయడం నేర్చుకుంది. మొదట ఇరవై వేగంలో, తర్వాత ముప్పైలో, ఆ తర్వాత నలభైలో. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకూడదు. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, వెంటనే గట్టిగా నొక్కుతూ పోవాలి. ఎందుకంటే బ్రేకు పడగానే బండి బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. అలా వాలాకే ఆ టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, ఆపే బలంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది. హ్యాండిలు తిన్నగా ఉండాలి. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి. చూపు చక్రం మీద కాదు, దూరంగా రోడ్డు మీద ఉండాలి. క్లచ్ ఆఖర్న, ఇక ఆగబోతుండగా పట్టాలి. పదోసారో పన్నెండోసారో ఆమె ఆగినచోటికి అంగలు కొలిస్తే పద్నాలుగే వచ్చాయి. తొమ్మిది అంగలు మిగిలాయి. ఒక ఆటో పొడవు కంటే ఎక్కువే అది. ఆమె కాసేపు తాను ఆగినచోటికీ, రెండో ఇటుకకూ మధ్య ఖాళీనే చూస్తూ నిలబడింది.

మీరూ ఇలాగే చేయండి, పూర్తి హెల్మెట్, బూట్లు వేసుకుని, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు. నెలకోసారి పది నిమిషాలు చాలు. అరవై వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుందని గుర్తుంచుకోండి. ప్రమాదం కనిపించి, చేయి బ్రేకు మీద పడేలోగానే ఆ సెకను గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

7. మన రోడ్ల మీద చూడాల్సినవి

కోతల కాలంలో పల్లె రోడ్ల మీద సగం వరకు వడ్లు ఆరబోస్తారు. రైతుకు వేరే కళ్లం లేదు, ఆ కష్టం నాకు తెలుసు. పగలు వడ్లు కనిపిస్తాయి, వాటి మీద బ్రేకు వేస్తే గోలీల మీద వేసినట్టే, నెమ్మదించి దాటాలి. అసలు గండం రాత్రిది. వడ్ల చుట్టూ వాహనాలు రాకుండా రాళ్లు పెడతారు. ధాన్యం ఎత్తుకున్నాక రాళ్లు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి. ఒక రాత్రి ఎదురుగా వచ్చిన కారు లైటు కళ్లలో పడి, అది దాటిపోయాక చూస్తే తలకాయంత రాయి నా ముందు చక్రానికి మూరెడు దూరంలో పక్కకు వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ కాలంలో రాత్రిపూట నలభై దాటను. ఎదుటి లైటు కళ్లలో పడినప్పుడు దాన్ని చూడకుండా రోడ్డు ఎడమ అంచు గీతను చూడండి, వేగం తగ్గించండి. మీరూ డిమ్ కొట్టండి.

వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు రాత్రిపూట చీకట్లో కలిసిపోతాయి. మీ బండి ముందు లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో, అంత దూరంలో ఆగగలిగే వేగంతోనే వెళ్లాలి. లారీ, బస్సు అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరు ఆయనకు కనిపించడం లేదు. దాని ఎడమ పక్కకు ఎప్పుడూ దూరకండి. ఆగిన బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటుతూ ఉంటారనే అనుకోండి. రహదారి మీద డివైడరు తెగిన చోట, ఊరి అడ్డరోడ్డు కలిసే చోట, రాంగ్ రూట్‌లో ఎవరో వస్తున్నారనుకుని బ్రేకు మీద వేళ్లు ఉంచండి.

తొలకరి చినుకులప్పుడు రోడ్డు మీద చేరిన నూనె, దుమ్ము తడిసి జిడ్డవుతాయి. గట్టివాన కంటే ఆ మొదటి పావుగంటే ఎక్కువ జారుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ మీది ఇనుప అతుకులు, రైలు పట్టాలు, వీటి మీద ఉన్నప్పుడు బ్రేకు వేయకుండా, హ్యాండిలు తిప్పకుండా తిన్నగా దాటండి. నీళ్లు నిలిచిన చోట లోతు తెలియకపోతే దిగకండి.

సంక్రాంతి వారంలో గాలిపటాల నైలాన్ మాంజా గురించి ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించినా ఇంకా దొరుకుతోంది, గొంతులు కోస్తోంది. ఆ రోజుల్లో మెడకు మందపాటి కండువా చుట్టుకుని, ఫ్లైఓవర్ల మీద నెమ్మదిగా వెళ్లండి. పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే నడిపేవారితో కలిపి కట్టే బెల్టు, పిల్లలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిదేళ్లు నిండాకే. అంతకు ముందే కొడుకు చేతికి తాళం ఇస్తే తల్లిదండ్రులకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

8. వారానికి ఐదు నిమిషాలు

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. ఎంత ఉండాలో చైన్ కవరు దగ్గరో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి (స్వింగార్మ్) మీదో స్టిక్కరు ఉంటుంది. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకు ఎంతో విడిగా రాసి ఉంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2325 అంటే 2025లో ఇరవైమూడో వారం. గాడుల మధ్య ఉండే చిన్న గట్లతో సమానంగా టైరు అరిగిపోతే మార్చే సమయమైంది. చైన్‌ను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి, చాలా బండ్లకు రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి, మీ బుక్‌లెట్‌లో ఎంతని ఉంటే అంత. బ్రేకు దీపం చేత్తో నొక్కినప్పుడు ఒకసారి, కాలితో తొక్కినప్పుడు ఒకసారి వెలుగుతోందో గోడ మీద పడే వెలుగు చూసి తెలుసుకోవచ్చు.

9. పడిపోతే

108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. స్పృహ తప్పి, ఊపిరి ఆడుతున్న మనిషి తల నుంచి హెల్మెట్‌ను గుంజి తీయకండి, మెడ ఎముక దెబ్బతిని ఉండొచ్చు. అద్దం మాత్రం పైకెత్తి గాలి ఆడనివ్వండి. నీళ్లు తాగించకండి. సాయం చేసినవారిని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది, వెనకాడవద్దు. రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. చేర్చిన వెంటనే దాని గురించి అడగండి.

బీమా కాగితంలో థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే బీమా) ఒక్కటే ఉంటే మీ గాయాలకు అది వర్తించదు. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉందో లేదో కొన్నరోజే చూసి పెట్టుకోండి. ఒక చిన్న కాగితం మీద మీ రక్తం గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి, హెల్మెట్ వెనక వైపు పారదర్శకమైన టేపుతో అతికించండి. మీ ఫోను తాళం తెరవలేకపోయినా అక్కడున్నవాళ్లు మీ ఇంటికి కబురు చెప్పగలుగుతారు.